భుజం మీది చిన్న అంకె

మహాదేవికి సున్నాలంటే చిన్నప్పటి నుంచీ భయం. పాములంటే లేదు, చీకటంటే లేదు. నాన్న నెట్టికంటప్పతో మిరపచేలకు కూలికి పోయినప్పుడు కాళ్ళ దగ్గరికి వచ్చిన తేలును చెప్పుతో కొట్టి పక్కకు నెట్టేసేది. అదే పిల్లకు పలక మీద నాలుగు సున్నాలు వరసగా కనిపిస్తే బలపం పక్కన పెట్టేసేది. ఎక్కడ ఒకటి ఎక్కువ పెడతానో, ఎక్కడ ఒకటి మింగేస్తానో అని.

ఆ భయాన్ని ముదరబెట్టిన పుణ్యం తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు ఇంద్రసేనది. పెద్ద పెద్ద సంఖ్యలను కురచగా రాసే పద్ధతి చెప్పాడాయన ఒకరోజు. ముందు ఒక అంకె, దాని పక్కన చుక్క, చుక్క తర్వాత ఒకటో రెండో అంకెలు, ఆపైన గుణకారం గుర్తు పెట్టి పది. ఆ పది భుజం మీద ఇంకో చిన్న అంకె. పదిని ఎన్నిసార్లు గుణించాలో చెప్పేది అదే. సూర్యుడు మనకెంత దూరమో ఆ పద్ధతిలో రాయమంటే క్లాసంతా 1.5 × 10⁸ కిలోమీటర్లు అని రాసింది. మహాదేవి 10⁷ అని రాసింది.

మాస్టారు ఆ నోటుపుస్తకాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. బళ్ళారి పల్లె కాబట్టి బళ్ళో పాఠం కన్నడమైనా, ఎగతాళికి మాత్రం ఆయనకు ఇంటి తెలుగే కావాలి. "ఏమమ్మా మహాదేవీ, సూర్యుణ్ణి పదింతలు దగ్గరికి ఈడ్చుకొస్తివే! ఇంగ బడీ లేదు, ఊరూ లేదు. హగరి యేరు కూడా ఆవిరైపాయె!"

అందరూ పగలబడి నవ్వారు. మహాదేవి నవ్వలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికి నడిచి వస్తూ రెండుసార్లు తలెత్తి సూర్యుణ్ణి చూసింది. ఎండ నిన్నటికంటే ఎక్కువగా ఉన్నట్టే అనిపించింది. పిచ్చి పిల్ల అనుకోవచ్చు మనం. కానీ ఒక్క చిన్న అంకెతో ఊరు ఊరే బూడిదైపోతుందని ఆ వయసులో నమ్మినవాళ్ళకు ఆ నమ్మకం అంత తొందరగా వదలదు.

ఇంత భయస్తురాలు చివరికి అంకెల మధ్యే పడింది. పన్నెండో తరగతి పీయూసీ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసింది. జీన్స్ గుడ్డలుతికే డెనిమ్ వాషింగ్ యూనిట్‌లో పనిచేసే సిద్ధేశ్‌ను పెళ్ళి చేసుకుని బళ్ళారి సత్యనారాయణపేటలో కాపురం పెట్టింది. ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో పదహారేళ్ళ కింద చేరింది. దాని యజమాని మౌనేష్ నెలకు నాలుగుసార్లు వచ్చిపోతాడు. మిగతా రోజులన్నీ ల్యాబంటే మహాదేవి, మహాదేవంటే ల్యాబ్. నరం దొరకదని ఇంకో చోట తిప్పి పంపిన ముసలివాళ్ళకు కూడా ఒక్క పోటుతో రక్తం తీసేది. "ఆయమ్మ సూది గుచ్చితే చీమ కుట్టినట్టు గూడా ఉండదప్పా" అని పల్లెల్లో చెప్పుకునేవాళ్ళు.

వానలు పడి జ్వరాలు మొదలయ్యాయంటే ఆ ల్యాబ్ ముందు చెప్పుల గుట్ట పెరుగుతుంది. అందరికీ కావలసింది ఒకటే, కౌంటు. రక్తం గడ్డకట్టడానికి అవసరమయ్యే ప్లేట్‌లెట్ల లెక్క అది. డెంగీ జ్వరంలో అది పడిపోతే ఒంట్లో ఎక్కడ నుంచి నెత్తురు కారుతుందో చెప్పలేం. దూరం ఊళ్ళవాళ్ళు పొద్దున్నే రక్తమిచ్చి బస్సెక్కి వెళ్ళిపోతారు, మధ్యాహ్నం ఫోన్ చేసి కౌంటు అడుగుతారు. ఆ కౌంటు చెప్పడానికి మన బళ్ళారిలో ఒక పద్ధతుంది. లక్ష అన్న మాట ఎవరూ అనరు. "ఒకటి పాయింట్ ఎనిమిది" అంటే లక్షా ఎనభై వేలు. ఆటోవాళ్ళకు తెలుసు, కూరగాయలమ్మే దురుగమ్మకు తెలుసు, చదువు రాని అవ్వలకూ తెలుసు. ఆ మాట నోటినుంచి నోటికి పోయి, ఊళ్ళో డాక్టరు చెవిలో పడి, మందు చీటీ అయిపోతుంది. పదహారేళ్ళుగా మహాదేవి అట్లాగే చెప్పింది, ఒక్క తప్పూ రాలేదు.

ఆ ఏడు జూలైలో మౌనేష్ రిపోర్టులు అచ్చువేసే కొత్త ప్రోగ్రాం పెట్టించాడు. దాన్ని బిగించినవాడు ఏ మూడ్‌లో ఉన్నాడో గానీ, అంకెలన్నీ ఇంద్రసేన మాస్టారి పద్ధతిలోకి మార్చేసి పోయాడు. లక్షా ఎనభై వేలుంటే 1.8 × 10⁵ అని పడుతుంది. భుజం మీది అంకె ఆవగింజంత.

"అన్నా, ఇది మార్పిచ్చండి. ఎవురికీ అర్థం కాదు" అని అడిగింది మహాదేవి.

"వాడు మళ్ళా వచ్చినప్పుడు చూద్దాంలే. నువ్వుండావు గదా అర్థం చేసుకునేదానికి" అన్నాడు మౌనేష్.

మొదటి వారం ఆమె ప్రతి కాగితాన్నీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. రెండో వారానికి అలవాటు పడింది. దాదాపు అన్నీ ఐదులే. ముందు అంకె చదివితే పాయింట్ పద్ధతికి సరిగ్గా సరిపోతోంది. ఎప్పుడైనా ఎనభై వేలవాడు వస్తే 8.0 అని పడేది. మనిషికి ఎనిమిది లక్షల కౌంటు ఉండటం అరుదు కాబట్టి ఆ అంకే అరిచి చెప్పేది, "చూడు, నా భుజం మీద ఉన్నది నాలుగు" అని. చిక్కంతా పది వేలకూ నలభై ఐదు వేలకూ మధ్య ఉన్నవాళ్ళతోనే. వాళ్ళ ముందు అంకెలు ఒకటో రెండో నాలుగో. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ అంకెలూ అవే. చావుకు దగ్గరైనవాడూ, రేపు పెళ్ళిపీటల మీద కూర్చునేవాడూ కాగితం మీద కవలపిల్లల్లా కనిపిస్తారు. ఈ ముక్క మహాదేవికి తట్టలేదు. తట్టిన రోజు సంగతి చెబుతాను వినండి.

ఆగస్టులో ఒక మంగళవారం. సండూరు దగ్గరి యశ్వంతనగర్ నుంచి అంజినప్ప తన కూతురు నయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇనుప ఖనిజం గనిలో లోడింగ్ పని ఆయనది. ఉతికిన చొక్కా అయినా కాలరు మడతల్లో ఎర్రదుమ్ము పోలేదు. ఆ పిల్లకు పదిహేడేళ్ళు, పీయూసీ సైన్స్. నాలుగు రోజులుగా జ్వరం. సండూరు డాక్టరు, కౌంటు లక్ష దాటి ఉంటే ఇంట్లోనే ఉంచు, యాభై వేలకు తగ్గితే ఆ క్షణమే బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపో అని చెప్పి పంపాడట. రక్తమిచ్చి తండ్రీ కూతుళ్ళు బస్సుకు వెళ్ళిపోయారు.

ఒకటిన్నరకు ఫోన్ వచ్చింది. అంజినప్పది మీటల ఫోను, దానికి రిపోర్టు ఫోటో పంపడానికి లేదు. అప్పటికి మహాదేవి ముందు పదకొండు మంది నిలబడి ఉన్నారు. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో ఎవరి మోచేతికో పట్టీ కడుతూ, ఇంకో చేత్తో కాగితం తిప్పి చూసింది.

"ఒకటి పాయింట్ ఎనిమిది అంజినప్పా. బాగనే ఉండాది."

"అట్లనా అమ్మా! దేవుడు సల్లగ జూసినాడు. ఐతే నేను డ్యూటీకి పోతాండా" అన్నాడాయన. ఆ గొంతులో సంతోషం ఆమెకు కూడా హాయిగా అనిపించింది.

మూడుంపావుకు జనం పలచబడ్డారు. కాపీలను దారానికి గుచ్చుతూ ఉంటే ఒక కాగితం మూల వంకరపోయింది. సరిచేయబోయి దాని మీద వేలు పెట్టింది. 1.8 × 10⁴.

మొదట ఆమెకేమీ తోచలేదు. తర్వాత కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండలో పెట్టి చూసింది. నాలుగే. లక్షా ఎనభై వేలు కాదు, పద్దెనిమిది వేలు. ఫ్రిజ్‌లోంచి ఊదారంగు మూత ఉన్న ఆ ట్యూబు తీసి మళ్ళీ మిషన్‌కు పెట్టింది. అది గరగరలాడుతున్నంత సేపూ, ఆ నాలుగు కాస్తా ఐదు కావాలని ఆమె మొక్కని దేవుడు లేడు. మిషన్‌కు మొక్కులతో పని లేదు. మళ్ళీ నాలుగే చూపించింది.

అంజినప్ప ఫోను కలవలేదు. పదిసార్లు చేసింది, పదిసార్లూ స్విచ్ ఆఫ్ అనే వచ్చింది. గనిలోకి పోయేవాళ్ళు ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టి పోవాలని ఆమెకు తర్వాత తెలిసింది. ఇంట్లోవాళ్ళ నంబరు రాసుకోలేదు. డాక్టరు చీటీ తండ్రి జేబులోనే పోయింది. రిజిస్టర్లో ఉన్న చిరునామా ఇంతే: అంజినప్ప, టీ అంగడి వెనక, యశ్వంతనగర్. మౌనేష్‌కు చేసింది. ఆయన బెంగుళూరులో ఉన్నాడు.

"అరెరే. సరే, కంగారుపడొద్దు. దొరికినప్పుడు మిషన్ తప్పు చూపిచ్చిందని చెప్పు. నీ పేరూ రాకూడదు, నా పేరూ రాకూడదు."

"అన్నా, ఆ పాప..."

"చెప్పినా గదా, మిషన్ అని చెప్పు."

ఆయనకు తన ల్యాబ్ భయం, ఈమెకు ఆ పిల్ల భయం. మహాదేవి ల్యాబ్‌కు తాళం వేసి, కాగితం మడిచి జాకెట్‌లో దోపుకుని, ఆటో ఎక్కి బస్టాండుకు పోయింది. సండూరు బస్సు కదలబోతుంటే పరుగెత్తి ఎక్కింది.

రెండు గంటల ప్రయాణం. తోరణగల్లు దగ్గర లారీలు అడ్డంగా ఆగిపోయి బస్సు అరగంట కదలలేదు. కిటికీ కమ్మీ మీద ఎర్రదుమ్ము. ఆ దుమ్ములో ఆమె వేలు తనకు తెలియకుండానే పద్దెనిమిది రాసి దాని పక్కన సున్నాలు పెట్టింది. మూడు. చెరిపేసి మళ్ళీ పెట్టింది. మూడే. నాలుగు పెడితే ఎంత బాగుండు అనిపించింది. సూర్యుణ్ణి దగ్గరికి లాక్కొచ్చినప్పుడు మాస్టారు నవ్వాడు, పిల్లలు నవ్వారు, ఊరు ఊరులాగే ఉంది. ఈసారి కాలిపోయేది ఒక పిల్ల.

ఇంకో ఆలోచన కూడా తలెత్తింది. జూలై నుంచి ఇప్పటిదాకా ఎంతమందికి ఇట్లా ముందు అంకె చదివి చెప్పాను? ఆ తలుపు కొంచెం తెరుచుకోగానే గబుక్కున మూసేసింది. ముందు ఈ పిల్ల, అనుకుంది. బస్సు కదిలేదాకా అదే మాట అనుకుంటూ కూర్చుంది.

యశ్వంతనగర్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. టీ అంగడిలో అడిగితే అతను తాపీగా గ్లాసులు కడుగుతూ, "యా అంజినప్ప? లోడింగ్ అంజినప్పా, డ్రైవర్ అంజినప్పా?" అన్నాడు.

"లోడింగ్. కూతురికి జ్వరమొచ్చిన ఆయప్ప."

"ఓ, ఆ పాప. అదో, ఆ సందులో ఆకరి ఇల్లు."

సందు మలుపు తిరిగేసరికి ఆఖరి ఇంటి ముందు పదిమంది ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. మహాదేవి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పదహారేళ్ళ ఉద్యోగంలో ఎన్నో ఇళ్ళ ముందు అట్లాంటి గుంపులు చూసింది. ఇంతలో గుంపులోంచి ఎవరో, "బిందె జరుపే!" అని కసిరారు. నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడ్డారు వాళ్ళు. మహాదేవి వాళ్ళను తప్పించుకుని ముందుకు నడిచింది.

నయన తల్లి హొన్నూరమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "ఎవురమ్మా?" అంది.

"బళ్ళారి ల్యాబ్ నుంచి వచ్చినాక్కా. పాప ఎట్లుండాది?"

"అయ్యో, అంత దూరం నుంచి వస్తిరా? కౌంటు బాగుండాదని మీరే చెప్తిరంట గదా. మా ఆయప్ప ఖుషీగా డ్యూటీకి పోయినాడు. పాపకి రొవ్వంత సుస్తుగా ఉండాది, అంతే. పల్లు తోముకుంటాంటే చిగుళ్ళు గీసుకున్యాది గావాల, నెత్తురొస్తాండాది. కౌంటు బాగుండాదంటిరి గదా, నేనేం భయపడలేదు."

మహాదేవి ఆమెను దాటుకుని లోపలికి పోయింది. మంచం మీద నయన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో తడిగుడ్డ, దాని మీద ఎర్రటి మరకలు. పాదాల మీద, మోకాళ్ళ కింద సన్నని ఎర్ర చుక్కలు. దోమలు కుట్టాయనుకుని వాటికి కొబ్బరినూనె రాశారు. తను ఫోన్లో చెప్పిన ఒక్క మాట ఆ ఇంట్లో ప్రతి భయాన్నీ ఎట్లా నిద్రపుచ్చిందో మహాదేవి కళ్ళారా చూసింది.

"లేమ్మా, ఆసుపత్రికి పోదాం. బేగ" అంది. జాకెట్‌లోంచి కాగితం తీసి మంచం మీద పెట్టింది.

నయన దాన్ని తీసి చూసింది. సైన్స్ పిల్ల కదా, చదవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "టెన్ పవర్ ఫోర్... అంటే పద్దెనిమిది వేలు. మా నాయనకి ఒకటి పాయింట్ ఎనిమిది అని చెప్తిరి గదా ఆంటీ? అది లక్షా ఎనభై వేలు గదా?"

మౌనేష్ నేర్పిన మాట మహాదేవి నాలుక చివరే ఉంది. ఆ పిల్ల పెదవి మూల నెత్తురు చూశాక అది బయటికి రాలేదు. "మిషన్ సరిగ్గనే చెప్పినాది తల్లీ. నేనే సగం చదివినా."

నయన ఏడవలేదు, కోప్పడలేదు. కాగితం వంకే చూస్తూ, "అంటే నేను సచ్చిపోతానా?" అని అడిగింది. బియ్యం చేట హొన్నూరమ్మ చేతిలోంచి జారి గడపలో పడింది.

మహాదేవి టీ అంగడికి పరుగెత్తి సంగతి చెప్పింది. టీ అంగడి అతను ఇందాకటి తాపీ వదిలేసి నిమిషంలో ఎవరిదో జీపు పట్టుకొచ్చాడు. దారిలో గని గేటు దగ్గర ఆపి అంజినప్పను పిలిపించారు. తల నుంచి కాళ్ళ దాకా ఎర్రదుమ్ముతో వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. మహాదేవి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన డ్రైవరుతో, బేగ పోనీ అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది. బళ్ళారి దీపాలు కనపడేదాకా ఆ జీపులో వినపడింది హొన్నూరమ్మ వెక్కిళ్ళే.

నయనను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయాక అంజినప్ప కాగితం అడిగి తీసుకున్నాడు. ఆ చిన్న అంకెను వేలితో తడిమి చూశాడు. "ఒక పాణం దీని మింద ఉంటే, ఇంత చిన్నగా ఏంటికేస్తారమ్మా?" అని అడిగాడు.

మర్నాటికి కౌంటు పన్నెండు వేలకు పడింది. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. మహాదేవి పొద్దునా సాయంత్రం పోయి వార్డు బయట నిలబడేది, లోపలికి పోవడానికి మొహం చెల్లేది కాదు. మూడో రోజు ముప్ఫై వేలు, ఐదో రోజు తొంభై వేలు. ఏడో రోజు నయన నడుచుకుంటూ బయటికి వచ్చి, "ఆంటీ, లక్షా నలభై వేలంట. పూర్తిగా చదివినా" అంది. ఆ పిల్ల నవ్వింది గానీ మహాదేవికి నవ్వు రాలేదు.

ఎందుకంటే, బస్సులో మూసిన ఆ తలుపు ఇంక మూసి ఉండదని ఆమెకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌కు పోయి, జూలై నుంచి దారానికి గుచ్చిన కాపీలన్నీ దించి, నేల మీద కూర్చుంది. మొత్తం మూడు వందల పన్నెండు. ఒక్కొక్క కాగితం మీదా చూపుడు వేలు పెట్టి, ఆ చిన్న అంకె చూసి పక్కన పెట్టింది. అరిచి చెప్పే ఎనిమిదులూ తొమ్మిదులూ పోగా, ఐదు. ఐదు. ఐదు. వంద దాటినా ఐదే. ప్రతి కాగితం తిప్పే ముందూ చేయి ఒక్క క్షణం ఆగేది. రెండు వందలు దాటాక, బతికిపోయాను అనుకోబోయింది.

రెండు వందల అరవై మూడో కాగితం. ఉచ్చెంగెప్ప, వయసు యాభై రెండు. 2.6 × 10⁴. ఇరవై రోజుల కిందటిది. పక్కన పెన్నుతో ఆమె చేతిరాతే ఉంది: ఫోన్లో చెప్పడమైనది.

మిగతావి కూడా చూసింది, ఇంకేం లేవు. ఆ ఒక్క కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఇరవై ఆరు వేల మనిషికి రెండు లక్షల అరవై వేలని చెప్పింది. ఇరవై రోజులైంది. ఆ ఇంట్లో ఈపాటికి దినాలు కూడా అయిపోయి ఉంటాయా? ఫోను చేయకపోతే ఎవరికీ తెలియదు. ఆ కాగితాన్ని చింపేసినా అడిగేవాళ్ళు లేరు. ఈ మాట కూడా ఆమె అనుకుంది. అనుకోలేదని నేను అబద్ధం చెప్పను.

నంబరు నొక్కింది. రింగు పోతోంది. ఆడమనిషి గొంతు ఎత్తింది. "ఎవురు?"

"ఉచ్చెంగెప్ప..." అంది మహాదేవి. ఉన్నాడా అన్న మాట దాని పక్కన పెట్టలేకపోయింది.

అటువైపు ఏదో కింద పెట్టిన చప్పుడు. తర్వాత దూరంగా కేక. "ఓయ్, ఇట్ల రాప్పా! నీకే ఫోను!"

మహాదేవి కళ్ళు మూసుకుంది. చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. "అలో" అంది మగ గొంతు. ఆమె ల్యాబ్ పేరు చెప్పి, ఎట్లున్నావని అడగగానే ఆయన ఖుషీ అయిపోయాడు.

"నువ్వా తల్లీ! సేన్లో ఉండా, కలుపు తీస్తాండారు. నేనే నీకు ఫోన్ చేయాలనుకుంటి. ఆ పొద్దు ఆసుపత్రికి పోదామని బండి గూడా మాట్లాడింటిమి. నువ్వు బాగుండాదని చెప్పంగానే బండిని వాపసు పంపిచ్చేస్తి. నీ మాటతోనే ధైర్యమొచ్చె. వారానికంతా లేసి కూసుంటి. నీ నోరు సల్లగుండనీ."

మహాదేవి ఫోనును చెవికి దూరంగా పట్టుకుంది. ఆయన చచ్చిపోయాడని విన్నా ఇంత భయపడేది కాదేమో. చావు ఆ వాకిట దాకా వచ్చి, ఏ కారణమూ లేకుండా తిరిగి పోయింది. తీసుకుపోయే బండిని తిప్పి పంపింది తన నోరే, దీవెన అందుకుంటున్నదీ తన నోరే. సరేనప్పా అని పెట్టేస్తే ఆ దీవెన తనకే ఉండిపోతుంది.

"ఉచ్చెంగెప్పా" అంది. "ఆ పొద్దు నేను సగమే చదివినా. తక్కింది ఇప్పుడు చదువుతా, వింటావా?"

అటువైపు కలుపు తీసేవాళ్ళ మాటలు దూరమయ్యాయి. తర్వాత, "చదువమ్మా" అన్నాడాయన, గొంతు తగ్గించి.

ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంది. ఆవగింజంత నాలుగు కింద వేలు పెట్టి, ఒక్కొక్క సున్నా పలుకుతూ, చివరిదాకా చదివింది.